రాణివాసం ఉన్నంత మాత్రాన హారెమ్ కాదు

మాంగా, అనిమే పేర్ల కింద జానర్ ముద్రలు వేసే మిత్రులకు,

నమస్కారం. మాంగా అంటే జపాన్ బొమ్మల కథలు, అనిమే అంటే అక్కడి యానిమేషన్. స్ట్రీమింగ్ యాప్‌లలో, పుస్తకాల షాపుల్లో, అభిమానులు కూర్చుకునే జాబితాల్లో కథ పేరు కింద "యాక్షన్", "రొమాన్స్", "హారెమ్" అని చిన్న అక్షరాల్లో రాసేది మీరే. మీరెవరో, ఎక్కడ కూర్చుని రాస్తారో నాకు తెలియదు. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

గొడవ మా ఇంట్లో మొదలైంది. మా అక్క కూతురు ఇంటర్ సెకండియర్, బైపీసీ. దానికి 'ది అపోథెకరీ డైరీస్' మాంగా రెండు సంపుటాలు కొనిచ్చింది నేనే. మూడోది ఆర్డర్ పెట్టమని అది వాళ్ళమ్మ చేతికి ఫోన్ ఇచ్చింది. పుస్తకం పేరు కింద "హారెమ్" అని ఉంది. మా అక్కకు ఆ మాట కొత్త. అర్థం వెతికితే జనానా, రాణివాసం అని వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఇంకాస్త కిందికి వెళ్తే బొమ్మలు కూడా వచ్చాయి. రాత్రి తొమ్మిదిన్నరకు నాకు ఫోన్. "ఒరేయ్, పిల్లకి ఎలాంటి పుస్తకాలు కొనిపెడుతున్నావురా నువ్వు?" అని. పక్కనుంచి పిల్ల ఏడుపు గొంతుతో "మావయ్యా, నువ్వన్నా చెప్పు" అంటోంది.

చెప్పాను. అందులో మావోమావో అనే అమ్మాయి మందులు తయారుచేసే మనిషి. పాత చైనాను తలపించే ఒక రాజ్యం. ఆమెను ఎత్తుకుపోయి చక్రవర్తి రాణివాసంలో పనిపిల్లగా అమ్మేస్తారు. అక్కడ పసిపిల్లలు వరసగా చనిపోతుంటే అందరూ శాపం అనుకుంటారు. మొహానికి పూసుకునే తెల్ల పౌడర్‌లో విషం ఉందని ఈ అమ్మాయి కనిపెడుతుంది. ఆ తర్వాత కథ కూడా చాలావరకు ఇదే దారి: ఎవరికి ఏ జబ్బు, అది ఏ విషం, ఎవరు పెట్టారు. బైపీసీ పిల్లకి ఇంతకంటే మంచి కాలక్షేపం ఏముంటుంది? చక్రవర్తి అప్పుడప్పుడు కనిపిస్తాడు. ఆయన మనసులో ఎవరున్నారా అని టెన్షన్ పడుతూ ఆ పుస్తకం చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

కథ జరిగేది అచ్చమైన రాణివాసంలోనే. అయినా అది హారెమ్ జానర్ కాదు. ఒకరిని చాలామంది ఇష్టపడే ప్రేమకథల్ని ఆ పేరుతో పిలుస్తారు. మీలో ఎవరో కథ జరిగే చోటును చూసి ముద్ర గుద్దేశారు. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద ఉత్తరమా అనుకోవచ్చు. కానీ ఇదివరకు ఈ ముద్రలు చదివేది మాలాంటి పిచ్చివాళ్ళమే. ఇప్పుడలా కాదు. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ 'ఇన్ఫినిటీ కాజిల్' అనే అనిమే సినిమా తెలుగు డబ్బింగుతో మన థియేటర్లకే వచ్చింది. పిల్లలు ఏం చూస్తున్నారో అమ్మానాన్నలు ఆ చిన్న అక్షరాలు చదివే తేల్చుకుంటున్నారు.

రాణివాసం గురించే ఇంకో మాట. ఫుమి యోషినాగా 2004లో మొదలుపెట్టి 19 సంపుటాల్లో ముగించిన 'ఓఓకు' అనే మాంగా ఉంది. ఓఓకు అంటే ఎడో (ఇప్పటి టోక్యో) కోటలో షోగన్, అంటే పాతకాలపు జపాన్ సైనిక పాలకుడి, ఆడవాళ్ళుండే భాగం. యోషినాగా కథలో ఒక అంటురోగం వచ్చి మగపిల్లలు రాలిపోతారు, మగవాళ్ళ సంఖ్య నాలుగో వంతుకు పడిపోతుంది, ఆడవాళ్ళే షోగన్లవుతారు. ఓఓకు నిండా మగవాళ్ళు! పైపైన చూస్తే ఇంతకు మించిన రివర్స్ హారెమ్, అంటే ఒక అమ్మాయి చుట్టూ చాలామంది మగవాళ్ళుండే కథ, ఉండదు. చదివితే తెలుస్తుంది, అది అధికారం గురించి, వారసుల గురించి, జీవితాంతం ఆ గోడల మధ్యే ఉండిపోయిన మనుషుల గురించి. 2009లో మాంగాకిచ్చే తెజుకా ఒసాము బహుమతి ఊరికే రాలేదు దానికి. దాన్ని కూడా ఆ డబ్బాలోనే పడేస్తే మీ ఇష్టం, నేను మాత్రం ఊరుకోను.

మాట ఎక్కడిదో చూద్దాం. అరబ్బీలో 'హరీమ్' అంటే పరాయివాళ్ళు అడుగు పెట్టకూడని చోటు. 'హరామ్' కూడా ఆ ధాతువు నుంచి పుట్టిందే. జపాన్‌లో దాన్ని 'హారెము' అని పలికి, ఇలాంటి కథల్ని 'హారెము మోనో' అన్నారు. పైన చెప్పిన ఓఓకు అనే సొంత మాట ఇంట్లో ఉండగా ఎక్కడో పశ్చిమాసియా మాట తెచ్చుకున్నారంటే, వేళాకోళానికే అయి ఉంటుందని నా అనుమానం. షోనెన్ (మగపిల్లలు), షోజో (ఆడపిల్లలు), సెయినెన్ (పెద్దయిన కుర్రాళ్ళు) లాంటివి పత్రిక ఎవరికోసం అచ్చవుతుందో చెప్పే మాటలు. హారెమ్ అలాంటిది కాదు. జపాన్‌లో ఇలాంటి కథల్ని మామూలుగా లవ్ కామెడీ, పొట్టిగా 'రబుకొమె' అంటారు. హారెమ్ అనేది అందులో ఒక రకానికి పెట్టుకున్న ఆట పేరు. ఆ ఆట పేరుని మనం జనానాకి అనువాదం చేసుకుని భయపడుతున్నాం.

మరి ఆ రకం ఏమిటి? ఈ సంగతి మాట్లాడాలంటే కెన్ అకమాట్సు 'లవ్ హీనా' దగ్గరికి వెళ్ళకుండా కుదరదు. 1998 నుంచి 2001 దాకా వీక్లీ షోనెన్ మ్యాగజైన్‌లో వచ్చింది, 14 సంపుటాలు, 2001లో కోదాన్షా మాంగా బహుమతి కూడా. కేయితారో అనే కుర్రాడు టోక్యో యూనివర్సిటీ ఎంట్రన్స్ రెండుసార్లు తప్పాడు. జపాన్‌లో ఇలాంటివాళ్ళని రోనిన్ అంటారు, యజమాని లేని సమురాయ్ యోధుడు అన్నమాట. మన భాషలో లాంగ్‌టర్మ్ కోచింగ్ కుర్రాడు. ఇంట్లో ఉండలేక నాయనమ్మ సత్రానికి వస్తే అది లేడీస్ హాస్టల్‌గా మారి ఉంటుంది. నాయనమ్మ దేశాలు తిరగడానికి వెళ్ళిపోతుంది, వీడు మేనేజర్ అవుతాడు. చిన్నప్పుడు ఒక అమ్మాయితో "పెద్దయ్యాక ఇద్దరం టోక్యో యూనివర్సిటీలో చేరదాం" అని మాట ఇచ్చాడు. ఆ అమ్మాయి పేరు గుర్తులేదు, ముఖమూ గుర్తులేదు.

దయచేసి ఇక్కడ ఆగండి. సత్రం నిండా అమ్మాయిలున్నారని లవ్ హీనా హారెమ్ కాలేదు. వీడికి ఆ ముఖం గుర్తులేకపోవడం వల్ల అయింది. గుర్తు లేదు కాబట్టి ఆ అమ్మాయి ఈమె కావచ్చు, ఆమె కావచ్చు. తేలేదాకా తలుపులన్నీ తెరిచే ఉంటాయి.

ఈ కిటుకు ఎంత పనికొచ్చిందో తర్వాతి కథల్లో చూడండి. 2011లో షోనెన్ జంప్ అనే వారపత్రికలో మొదలై 25 సంపుటాలు నడిచిన 'నిసెకోయి'లో కుర్రాడి మెడలో తాళం ఉన్న లాకెట్ ఉంటుంది. పదేళ్ళ కిందట ఒక అమ్మాయితో పెట్టుకున్న ఒట్టుకి గుర్తు అది. తాళంచెవి ఆ అమ్మాయి దగ్గరుంది. తీరా చూస్తే తాళంచెవులున్న అమ్మాయిలు ఒకరికి మించి తేలతారు. 2017లో వచ్చిన 'ది క్వింటెసెన్షియల్ క్వింటుప్లెట్స్' ఇంకో అడుగు ముందుకేసింది. అయిదుగురు అక్కచెల్లెళ్ళు, ఒకే కాన్పు, ఒకే ముఖం. కుర్రాడు వాళ్ళకి ట్యూషన్ మాస్టారు. మొదటి అధ్యాయంలోనే పెళ్ళి చూపించేస్తారు. పెళ్ళికూతురు ఆ అయిదుగురిలో ఎవరో చెప్పరు. దానికి తోడు చిన్నప్పుడు క్యోటోలో కలిసిన అమ్మాయి ఎవరన్న చిక్కు ఒకటి. 14 సంపుటాలు దాని మీదే నడిచాయి. ఎవరో నేనూ చెప్పను, ఇంకా చదవనివాళ్ళుంటారు.

మనకి ఆనవాలు కథలు కొత్తా? దుష్యంతుడు శకుంతలను మరిచిపోయాడు, చేప కడుపులో ఉంగరం దొరికితే గుర్తొచ్చింది. అక్కడ ఉంగరం ఒక్కటే, శకుంతలా ఒక్కతే. అదే ఉంగరం నలుగురి వేళ్ళకు ఉండి, నలుగురూ కణ్వుడి ఆశ్రమంలోనే ఉండి, రాజుగారు ఏళ్ళ తరబడి ఎటూ తేల్చుకోలేక ఆశ్రమంలోనే కాపురం పెడితే అప్పుడు అది హారెమ్ మాంగా.

ఎందుకు తేల్చరు అన్నదానికి నాకు తెలిసి రెండు కారణాలున్నాయి. ఒకటి గేములు. 1994లో కొనామి 'తొకిమెకి మెమోరియల్' అనే గేమ్ తెచ్చింది. స్కూల్లో మూడేళ్ళు, చాలామంది అమ్మాయిలు, ఎవరి మనసు గెలుచుకోవాలో ఆడేవాడి ఇష్టం. ఒక్కో అమ్మాయికి ఒక్కో దారి, ఒక్కో ముగింపు. దాన్నే రూట్ అంటారు. ఈ అలవాటు మాంగాలోకి వచ్చింది కానీ గేమ్‌కున్న సదుపాయం మాంగాకు లేదు. గేమ్‌లో ఒకసారి ఒకరిని, మళ్ళీ మొదలుపెట్టి ఇంకొకరిని ఎంచుకోవచ్చు. మాంగాకు ముగింపు ఒక్కటే. అందుకని దారులన్నీ చివరిదాకా తెరిచే ఉంచి, ఆఖర్లో ఒకదాన్ని తప్ప అన్నిటినీ మూసేయాలి. తైషి త్సుత్సుయి అనే మాంగా రచయితకి ఇది నచ్చినట్టు లేదు. షోనెన్ జంప్‌లో 2017 నుంచి 2020 దాకా నడిచిన 'వి నెవర్ లెర్న్'లో ఆయన అయిదుగురు హీరోయిన్లకీ విడివిడిగా ముగింపులు గీశాడు, ఒకదానికొకటి సంబంధం లేని సమాంతర కథలుగా. మోసం అని తిట్టినవాళ్ళున్నారు, దండం పెట్టినవాళ్ళున్నారు. నేను రెండోరకం.

రెండోది వారపత్రికల లెక్క. షోనెన్ జంప్‌లో పాఠకుల సర్వేకి ఎంత విలువ ఉందో మీకు తెలిసిందే, ఓట్లు తగ్గితే కథే ఆగిపోవచ్చు. ఒకరిని ఎంచుకున్న వారం మిగతా అమ్మాయిల అభిమానులంతా అలుగుతారు. అందుకే కుర్రాడికి చెవుడు వస్తుంది. జపాన్‌లో వాణ్ణి 'దోంకన్' అంటారు, మొద్దు అని. అమ్మాయి ఎదురుగా నిలబడి "నువ్వంటే ఇష్టం" అంటుంటే సరిగ్గా అప్పుడే టపాకాయ పేలుతుంది, రైలు వెళ్తుంది, "ఏమన్నావ్?" అంటాడు. ఆ మొద్దుతనం మీద నవ్వుకుంటాం గానీ, అదే కథకి ఊపిరి. వాడు వింటే జవాబు చెప్పాలి. జవాబు చెప్తే కథ అయిపోయింది.

కాబట్టి నా కొలత ఇది: ఎవరన్నది తేలకపోవడమే కథను నడిపిస్తోందా? ఆ తేలకపోవడాన్ని తీసేసినా కథ నిలబడితే అది ఇంకేదో కథ. మావోమావో కథలో తీసేయడానికి అసలు అలాంటిదేమీ లేదు. లవ్ హీనాలో తీసేస్తే సత్రం, ఒక లాంగ్‌టర్మ్ కుర్రాడు మిగులుతారు.

దీనికి తోడు ఇంకో చిన్న పని చేయండి. కాగితం మీద పాత్రల పేర్లు రాసి, ఎవరికి ఎవరంటే ఇష్టమో బాణాలు గీయండి. బాణాలన్నీ ఒక మనిషి వైపే వస్తుంటే హారెమ్ అని అనుమానించండి. రుమికో తకహాషి 'ఉరుసెయ్ యాత్సురా' 1978లో మొదలైంది. దాన్ని హారెమ్‌కి అమ్మమ్మ అంటుంటారు. కానీ అతారు అనే ఆ కుర్రాడి నుంచి బాణాలు బయటికి పోతాయి. కనిపించిన ప్రతి అమ్మాయి వెంటా వాడే పడతాడు, వాళ్ళు తన్ని తరుముతారు. వాడంటే ప్రాణం పెట్టేది లమ్ ఒక్కతే. తకహాషిదే 1987లో వచ్చిన 'రన్మా ½' ఇంకా చిక్కు. అకానే, షాంపూ, ఉక్యో, కొదాచి, వీళ్ళ బాణాలు రన్మా అనే కుర్రాడి వైపే. ఇక్కడిదాకా హారెమ్ అనిపిస్తుంది. కానీ రియోగా బాణం అకానే వైపు, మూస్ బాణం షాంపూ వైపు. కునో ఒక పక్క అకానే వెంట పడుతూ, ఇంకో పక్క ఒక శాపం వల్ల చన్నీళ్ళు పడినప్పుడల్లా ఆడపిల్లగా మారే రన్మా వెంట పడతాడు. ఆ కాగితం సాలెగూడులా తయారవుతుంది. దీన్ని హారెమ్ అనడానికి నాకు చెయ్యి రాదు. కలగాపులగం ప్రేమకథ అంటాను. మీ ముద్రల్లో దానికి మాట లేకపోతే లవ్ కామెడీ అని వదిలేయండి, తప్పేం లేదు.

ఎంతమంది ఉండాలన్న పేచీ ఒకటుంది. ముగ్గురు అని ఎక్కువమంది అంటారు, సరే. ఇద్దరైతే ముక్కోణం, మన సినిమాలు పెట్టుకున్నదే. కానీ తలలు లెక్కపెట్టి ముద్ర వేయకండి. ఒక బ్యాండులో నలుగురమ్మాయిలు, అసలు మగపిల్లాడే లేని కథకి కూడా ఈ ముద్ర చూశాను నేను. ఇంకోటి, హారెమ్ అంటే ఎచ్చి కాదు. ఎచ్చి అంటే ఒళ్ళు చూపించే చిలిపితనం. 2006లో వచ్చిన 'టు లవ్-రు'లో రెండూ ఉన్నాయి, నిజమే, ఎచ్చి కాస్త ఎక్కువే. అయిదుగురు కవలల కథలో అది బాగా తక్కువ. ఒక మాట కథ అల్లిక గురించి, ఇంకోటి బొమ్మ గురించి. మా అక్కలాంటివాళ్ళకి కావలసింది రెండో సమాచారం. మొదటి మాట రాసి రెండోది రాసినట్టు సరిపెట్టేస్తున్నారు మీరు.

నా కొలత అన్నిచోట్లా సరిపోతుందని చెప్పను. 2019 డిసెంబరు నుంచి వీక్లీ యంగ్ జంప్‌లో ఒక కథ వస్తోంది. పేరు చాంతాడంత, అభిమానులు '100 గర్ల్‌ఫ్రెండ్స్' అంటారు. రెంతారో అనే కుర్రాణ్ణి 100 మంది అమ్మాయిలు కాదంటారు. గుడికి వెళ్ళి మొక్కుకుంటే ప్రేమదేవుడు ప్రత్యక్షమై, లెక్కలో పొరపాటు జరిగింది, నీకు రాసిపెట్టినవాళ్ళు 100 మంది అంటాడు. పైగా వాళ్ళు కలిశాక ప్రేమ దొరక్కపోతే చచ్చిపోతారట. ఇక వాడు చేసేదేముంది, అందరినీ ప్రేమిస్తాడు, ఒకరికి తెలియకుండా ఒకరిని కాదు, అందరికీ తెలిసేలా. ఇక్కడ తేలకపోవడం అనేదే లేదు. జవాబు మొదటి సంపుటంలోనే వచ్చేసింది: అందరూ. నా కొలత ప్రకారం ఇది హారెమ్ కాకూడదు. కానీ దీన్ని హారెమ్ కాదంటే నన్ను చూసి మా మేనకోడలే నవ్వుతుంది.

దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. అష్టభార్యలున్న కృష్ణుడి కథ మనకి తెలుసు. నారదుడు తెచ్చిన పారిజాతం రుక్మిణికి ఇచ్చాడని సత్యభామ అలకపాన్పు ఎక్కింది. అక్కడ ఎవరిని చేసుకుంటాడన్న ప్రశ్న లేదు, అందరినీ చేసుకున్నాడు. ఎవరంటే ఎక్కువ ఇష్టం అన్నదే గొడవ. రెంతారో కథ ఈ వరసలోది. వాడి తాపత్రయమంతా ఒక్కరు కూడా అలగకుండా చూసుకోవడం. అంటే హారెమ్‌లో రెండు తరహాలున్నాయన్నమాట: తేలనిది ఒకటి, తేలిపోయినది ఒకటి. పైగా ఈ రెండోది నవ్వు పుట్టించేది మొదటిది మనకి బాగా అలవాటైపోయింది కాబట్టే. ఇరవై ఏళ్ళుగా "ఒక్కరినే" అని ఎదురుచూసిన పాఠకుడికి "అందరినీ" అనేవాడు దొరికాడు. కాబట్టి దీనికి ముద్ర వేయండి, అడ్డు చెప్పను. వీలైతే పక్కన ఒక మాట కలపండి, అంతే.

రివర్స్ హారెమ్ గురించి క్లుప్తంగా. 2002లో మొదలైన 'ఔరాన్ హైస్కూల్ హోస్ట్ క్లబ్'లో స్కాలర్‌షిప్పు మీద చదివే హరుహి 80 లక్షల యెన్ల కూజా పగలగొట్టి, ఆ అప్పు తీర్చడానికి మగపిల్లలా వేషం వేసుకుని స్కూలు అమ్మాయిలకు కాలక్షేపం కల్పించే ఆరుగురు కుర్రాళ్ళ క్లబ్బులో పనిచేస్తుంది. బాణాలు గీస్తే ఆరూ ఆమె వైపు రావు. నా లెక్కలో అది సగం హారెమ్. 1998 నాటి 'ఫ్రూట్స్ బాస్కెట్' సగం కూడా కాదు. తోహ్రు అనే అమ్మాయి చుట్టూ మగపిల్లలున్నారు, నిజమే. కానీ ఆ మగపిల్లల ఇంటికి పట్టిన శాపం, ఆ ఇంట్లో పిల్లలు పడిన బాధ, కథ అది. తోహ్రు ఎవరిని చేసుకుంటుందన్న ఒక్క ప్రశ్నతో 23 సంపుటాలు నడవలేదు. అమ్మాయి చుట్టూ ఇద్దరు ముగ్గురు అందగాళ్ళు కనబడగానే రివర్స్ హారెమ్ అని గుద్దేస్తే షోజో మాంగాలో సగం దాని కిందికే వస్తుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. ముద్ర వేసే ముందు మొదటి సంపుటం చదవండి, వీలైతే రెండోది కూడా. చదవడానికి తీరిక లేకపోతే ముద్ర వేయకుండా ఖాళీగా వదిలేయండి. ఖాళీ చూసి ఎవరి ఇంట్లోనూ గొడవలు కావు. ముద్ర వేసినచోట మా అక్కలాంటివాళ్ళ కోసం తెలుగులో ఒక్క వాక్యం రాయండి: "ఒకరిని చాలామంది ఇష్టపడే ప్రేమకథ, ఎవరిని ఎంచుకుంటారో చివరిదాకా తేలదు" అని. జనానా, రాణివాసం అనే అనువాదాలు మాత్రం వద్దు.

అన్నిటికంటే ముందు మావోమావో కథ కింద ఆ మాట తీసి "మిస్టరీ" అని పెట్టండి. పెట్టిన రోజు స్క్రీన్‌షాట్ తీసి మా అక్కకి పంపాలి. రెండు సంపుటాలూ వాళ్ళింట్లో బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి. తాళంచెవి ఆవిడ కొంగుకే ఉంది.

ఇట్లు,
ఒక బైపీసీ పిల్ల మేనమామ